సమస్య: "వెనుకకేగువాడె వీరుడగును" (బాక్సింగ్ మీద పూరించండి)

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చా. వెనక్కి పోయేవాడు వీరుడెలా అవుతాడో కౌంటర్ పంచ్ (అవతలోడి దెబ్బ తప్పించుకుంటూ తిరిగి కొట్టే గుద్దు) తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు, పద్యంలో మాత్రం చెప్పాలి.

తాళ్ళమూల:
తాళ్ళకానుకొనుచు దాచెను బలమును
ఎనిమిదవది రాగ నెత్తికొట్టె
అలసిపోయి కూలె నాఫోర్మనప్పుడు
వెనుకకేగువాడె వీరుడగును

1974 అక్టోబర్ 30, కిన్షాసా, ఎనిమిదో రౌండ్‌లో జార్జ్ ఫోర్మన్‌ని పడగొట్టిన ముహమ్మద్ అలీ.

నిర్వాహకుడు: గణాలు, యతి ఓకే అండి. కానీ రెండో పాదంలో కొట్టేశాక మూడులో అలసిపోవడమేంటి, వరస తిరగబడింది. పైగా అలీ ఊరికే తాళ్ళ మీద వాలి దెబ్బలు తిన్లేదు కదా, అక్కణ్ణుంచే ఫోర్మన్ మొహం మీదకి సూటిగా వేస్తూనే ఉన్నాడు, ఆ సంగతి పద్యంలో లేకపోతే ఓపికున్నోడే గెలిచాడన్నట్టు ఉంటుంది.

పిడికిలి:
జాబు రాగఁ దలను జానెడు వెనుకకు
జరిపి మరలి తాను జవముతోడఁ
జేయి తిరిగి పోని చిన్న లిప్తను గొట్టు
వెనుకకేగువాడె వీరుడగును

రింగ్‌పక్కన: అబ్బ, మూడో పాదం సూపరండీ! అవతలోడు జాబ్ (ముందు చేత్తో వేసే సూటి గుద్దు) వేసి చెయ్యి మళ్ళీ మొహానికి అడ్డంగా గార్డ్‌లోకి తెచ్చుకునేలోపు దవడ ఖాళీగా ఉంటది, పుల్ కౌంటర్ (తల వెనక్కి లాగి వెంటనే కొట్టడం) అంతా ఆ సందులోనే. అయితే జానెడు ఎక్కువండి, అంత జరిగితే బరువు మడమల మీదకి పోయి తిరిగి రావడానికే టైం అయిపోద్ది, గుద్దు తగలకుండా పోయేంత చాలు, వెనక కాలు మీద బరువు పడాలి, అక్కణ్ణుంచే కుడిచెయ్యి తన్నుకొస్తది. "బెదిరినట్లు తలను బెత్తెడు వెనుకకు" అనండి, యతి కూడా కుదురుద్ది.

పిడికిలి: బెదిరినట్లు బావుంది, ఎర వేసినట్టూ ఉంది. పద్యంలోంచి జాబ్ అన్న మాట పోయిందే అని బాధ, అయినా మార్చేస్తా.

కొత్తసభ్యుడు: నాకు బాక్సర్ మేవెదర్ మీద ఒక పాదమే తట్టింది: భుజముతోడ గుద్దు పక్కకు జారించి

నిర్వాహకుడు: భు–ప యతి కుదరదండి, హల్లుకి మైత్రి ఉన్నా అచ్చుకి లేదు. "భుజముతోడ గుద్దు పొరలించి వెనువెంట" అని పెట్టి ముందుకెళ్ళండి. వెనువెంట ఉండాల్సిందే, ఆ షోల్డర్ రోల్‌లో ఎడమ భుజం మీద గుద్దు జారుతున్నప్పుడే నడుము తిరిగి కుడిచెయ్యి సిద్ధమైపోద్ది, కాచుకోడం ఒకటి కొట్టడం ఇంకోటి అని విడిగా ఉండవు.

మెరుపుదెబ్బ:
ఎదుటివాని దూకు డెంతయో యంతయే
పిడికిలికి బలమ్ము పెరుగునంట
మార్కెజదియె తెలిసి మానీని పడగొట్టె
వెనుకకేగువాడె వీరుడగును

రింగ్‌పక్కన: మొదటి రెండు పాదాలకి దండం. 2012 డిసెంబర్‌లో ఆరో రౌండ్ ఇంకో సెకనులో అయిపోతుందనగా మానీ ప్యాక్వియావో లోపలికి దూకడం, మార్కెజ్ కురచగా కుడిది కలపడం, ఇద్దరి వేగమూ ఆ ఒక్క గుద్దులోనే. కానీ సారూ, ఆ క్షణంలో మార్కెజ్ వెనక్కి పోలేదు! సమస్యతో అన్వయం తెగిపోయింది.

మెరుపుదెబ్బ: నిజమే. అయితే మూడో పాదం ఇలా: అడుగు దూరమిచ్చి యాశపెట్టుచుఁ గొట్టు

నిర్వాహకుడు: ఇప్పుడు అతికింది. నేరుగా వెనక్కి పారిపోయేవాణ్ణి వీరుడనడం నాకూ ఇష్టం లేదు, అడుగు దూరం అంటే అవతలోడు అందుతాడనుకునే దూరం. మార్కెజ్‌కి వేరే సమస్య ఇస్తా, పేరు దాచుకోండి.