ల్యాబ్ రిపోర్టు చాలా, రాసినాయన బోనెక్కాలా?

కావలి జూనియర్ ప్లీడరు:
మొన్న మా కోర్టులో పురుగుమందు కేసు. విసెరా (శవంలోంచి తీసిన లోపలి అవయవాల) రిపోర్టు ఒకే పేజీ. 'ఆర్గానోఫాస్ఫేట్ ఉంది' అని రాశారు, అంతే. ఏ పరీక్షతో తేల్చారో లేదు. ల్యాబ్ ఆయన్ని పిలిపించమని మా సీనియర్ పిటిషన్ వేస్తుంటే, 'ప్రభుత్వ ల్యాబ్ నివేదిక మనిషి రాకపోయినా సాక్ష్యమే, 329 సెక్షన్ చూసుకో' అన్నారు పీపీ గారు, అదే ప్రభుత్వ ప్లీడరు. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లోది, పాత సీఆర్పీసీ 293నే అది. ఇది సబబేనా?

ఒంగోలు రిటైర్డ్ హెడ్డు:
సబబే అబ్బాయ్. ల్యాబులో ఉండే నలుగురూ కోర్టుల చుట్టూ తిరిగితే సీసాలు ఎవరు తెరవాలా? నేను హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్న రోజుల్లో ఆ కాగితం కోసం చార్జిషీటు నెలలు ఆగేది. ఇప్పుడు ఏడేళ్లూ ఆపైన శిక్షపడే నేరమైతే నిపుణుడు స్థలానికే పోవాలని 2024 జులై నుంచి కొత్త చట్టం. రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారులే.

నెల్లూరు డ్యూటీ డాక్టరు:
పోస్ట్‌మార్టం చేసిన మేం బదిలీ అయినా వెనక్కొచ్చి బోనెక్కుతున్నాం, వాళ్లకేం? (కుళ్లు కాదు. సరే, కొంచెం ఉంది.) అసలు తేడా సీసా దగ్గరే వస్తుంది. విషం అనుమానమైతే చిక్కటి ఉప్పునీళ్లలో వేయాలి. సారా అనుమానముంటే స్పిరిట్ వాడకూడదు. ఫార్మలిన్‌లో వేసి పంపితే ఇక ల్యాబ్ చేసేదేం లేదు. ఇంకోటి, 'విషం కనిపించలేదు' అంటే తాగలేదని కాదు. కడుపు కడిగి, ఆసుపత్రిలో నాలుగు రోజులు బతికిన మనిషిలో ఏం మిగులుద్ది? ఇది కాగితం చెప్పదు, మనిషిని అడగాల్సిందే.

కావలి జూనియర్ ప్లీడరు:
ఢిల్లీ ఛావ్లా కేసులో (యువతిపై అత్యాచారం, హత్య) డీఎన్ఏ కలిసిందనే రిపోర్టు ఉంది. అయినా 2022లో సుప్రీంకోర్టు ఉరిశిక్ష పడిన ముగ్గుర్నీ వదిలేసింది. 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో తీసిన నమూనాలు 27 దాకా స్టేషన్ మాల్ఖానాలోనే (పట్టుకున్న వస్తువులు దాచే గది) ఉన్నాయి. నిపుణుడు పద్ధతి సరిగా పాటించాడో లేదో కింది కోర్టులు చూడలేదని కూడా అంది.

ఒంగోలు రిటైర్డ్ హెడ్డు:
మాల్ఖానా తప్పు మా పోలీసోళ్లది, ల్యాబుది కాదు. సీళ్లు సరిగా ఉన్నాయని రిపోర్టులోనే రాస్తారుగా.

కావలి జూనియర్ ప్లీడరు:
నేను చూసిన ప్రతి రిపోర్టులోనూ అదే వాక్యం సార్, అక్షరం మారదు.

నెల్లూరు డ్యూటీ డాక్టరు:
వీడియోలో సాక్ష్యానికి చట్టం ఒప్పుకుంటుంది గదా. అరగంట పని.

ఒంగోలు రిటైర్డ్ హెడ్డు:
ముందు పరీక్ష చేసినప్పటి వర్క్‌షీట్లు తెప్పించమని అడుగు, అది న్యాయం. వాటిల్లో తేడా కనబడితే అప్పుడు పిలువు. ఊరికే మనిషిని లాగమాక.

కావలి జూనియర్ ప్లీడరు:
పిటిషన్ మార్చి రాస్తున్నాం సార్. సోమవారం వాయిదా.