యూకే పాస్‌పోర్ట్: పిల్లాడి రెన్యువల్ ఫారంపై బెంగళూరులో కౌంటర్‌సిగ్నేచర్ ఎవరు చేయొచ్చు?

వైట్‌ఫీల్డ్ నాన్న
నమస్తే అండీ. బాబుకి తొమ్మిదేళ్లు, యూకేలో పుట్టాడు, బ్రిటిష్ పాస్‌పోర్ట్. గడువు దగ్గరపడింది. మా ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్ట్‌లే, ఉండేది వైట్‌ఫీల్డ్‌లో. పేపర్ ఫారం నింపుతూ కౌంటర్‌సిగ్నేచర్ (ఫోటోలో ఉన్నది మా బాబేనని మరొకరు ధ్రువీకరిస్తూ చేసే సంతకం) దగ్గర ఆగిపోయాం. సంతకం చేసేవాళ్లకి బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉండి తీరాలా? నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ ముద్ర వేస్తే చాలదా? పిల్లల డాక్టర్ గారు, పక్క ఫ్లాట్ ఆయన, మా తోడల్లుడు, ముగ్గురూ చేస్తామంటున్నారు. వీళ్లలో ఎవరు పనికొస్తారు?

ఫారాల పిచ్చి
ముందు ముద్ర సంగతి మర్చిపోండి. మన అటెస్టేషన్‌లో ఆఫీసర్‌కి మీరెవరో తెలియనక్కర్లేదు, ఆయన హోదా చాలు. ఇక్కడ కావలసింది హోదా ఒక్కటే కాదు, పరిచయం కూడా. మిమ్మల్ని రెండేళ్లకు తక్కువ కాకుండా తెలిసిన మనిషి, ఫోటోలో ఉన్నది మీ అబ్బాయేనని తన పేరు మీద చెప్పాలి. ముక్కూ మొహం తెలియని నోటరీ ఎన్ని ముద్రలు గుద్దినా లాభం లేదు.

బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉండి తీరాలన్నది యూకే లోపలి నుంచి అప్లై చేసేవాళ్ల మాట (అక్కడైతే బ్రిటిష్ లేదా ఐరిష్). బయటి దేశం నుంచి అయితే ఈయూ, అమెరికా, కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్ట్‌లు కూడా చెల్లుతాయి. ఇండియా కామన్వెల్త్‌లోనే ఉంది కాబట్టి గడువున్న ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు చేయొచ్చు. ఫోటో ఉన్న పేజీ కలర్ కాపీ స్పష్టంగా తీసి ఫారంతో జత చేయండి.

మీ ముగ్గురిలో తోడల్లుడు గారు కుదరరు. రక్తసంబంధమే కాదు, పెళ్లి వల్ల కలిసిన చుట్టరికం ఉన్నా పనికిరాదు. బావలూ మరుదులూ వియ్యంకులూ అందరూ ఆ లెక్కలోకే వస్తారు. ఒకే అడ్రస్‌లో ఉండేవాళ్లు కూడా వద్దు. పక్క ఫ్లాట్ అంటే వేరే అడ్రసే, ఆయనతో ఇబ్బంది లేదు. డాక్టర్ గారు క్లినిక్‌లో చూడటం వరకే అయితే వద్దు. వృత్తిపరంగా తెలియడం పరిచయం కింద లెక్కకు రాదు. ఇంటికి రాకపోకలున్న స్నేహితులైతే సరే.

సర్జాపుర రోడ్డు
పై జవాబుకి ఒక ముఖ్యమైన మాట కలపాలి. పదహారు లోపు పిల్లల విషయంలో, ఫారం మీద ఏ పెద్దవాళ్లు సంతకం చేశారో వాళ్లనే రెండేళ్లుగా తెలిసుండాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఫారం అమ్మ నింపి సంతకం చేస్తుంది, కౌంటర్‌సిగ్నేచర్‌కి నాన్న ఆఫీసు స్నేహితుణ్ణి పిలుస్తారు. ఆయనకి ఆవిడ పేరు తప్ప ఏమీ తెలియదు. అందుకే ముందు కౌంటర్‌సిగ్నేచర్ చేసే మనిషిని ఖాయం చేసుకుని, తర్వాత మీ ఇద్దరిలో ఆయనకి ఎవరు బాగా తెలుసో వాళ్లు ఫారం మీద సంతకం చేయండి. ఆయన బాబుని కూడా గుర్తుపట్టగలగాలి.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకి రెండేళ్ల పరిచయం ఈ ఊళ్లోదే కానక్కర్లేదు. కాలేజీ నాటి స్నేహితులు బెంగళూరులో ఎవరో ఒకరు ఉండనే ఉంటారు.

వైట్‌ఫీల్డ్ నాన్న
చాలా ఉపయోగం అండీ. పక్క ఫ్లాట్ ఆయన నాకు నాలుగేళ్లుగా తెలుసు, బ్యాంకులో మేనేజర్‌గా రిటైరయ్యారు. రిటైరైనవాళ్లు చెల్లుతారా? ఫోటో వెనక ఏం రాయాలి?

ఫారాల పిచ్చి
భేషుగ్గా చెల్లుతారు. కౌంటర్‌సిగ్నేచర్‌కి పనికొచ్చేలా పాస్‌పోర్ట్ ఆఫీసు గుర్తించిన వృత్తుల జాబితాలో బ్యాంకు అధికారులు, టీచర్లు, అకౌంటెంట్లు, క్వాలిఫికేషన్ ఉన్న ఇంజినీర్లు, ఫార్మసిస్టులు, ఫుల్‌టైమ్ ఇన్సూరెన్స్ ఏజెంట్లు ఉన్నారు. అంటే మన ఎల్‌ఐసీ ఏజెంట్ గారు కూడా అన్నమాట. శవసంస్కారాల ఏర్పాట్లు చూసేవాళ్లూ, పబ్ లైసెన్సున్నవాళ్లూ కూడా ఆ జాబితాలో ఉన్నారు, చదివితే నవ్వొస్తుంది. ఆ వృత్తి నుంచి రిటైరైనా ఫర్వాలేదు.

మొదట ఫారం అంతా మీరు నల్ల సిరాతో, పెద్దక్షరాల్లో నింపి సంతకం చేయండి. ఆ తర్వాతే ఆయన తన భాగం స్వహస్తంతో నింపాలి. పేరు తన పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అలాగే రాయాలి. మనవాళ్లతో చిక్కు ఇక్కడే: బయట ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో విడదీసిన పూర్తి పేరు. సంతకం కూడా పాస్‌పోర్ట్‌లో ఉన్నదే పెట్టమనండి, బ్యాంకు చెక్కుల మీద పెట్టే పొట్టి సంతకం వద్దు.

ఒకేలాంటి ఫోటోలు రెండు ఇవ్వాలి, రాయాల్సింది ఒక్కదాని వెనకే. ‘ఐ సర్టిఫై దట్ దిస్ ఈజ్ ఎ ట్రూ లైక్‌నెస్ ఆఫ్’ అని ఇంగ్లిష్‌లో రాసి, మాస్టర్ అని చేర్చి బాబు పూర్తి పేరు, కింద సంతకం, తేదీ. జెల్ పెన్ వాడకండి. నిగనిగలాడే కాగితం మీద ఆరకముందే రెండో ఫోటో మొహానికి అంటుకుంటుంది. బాల్‌పెన్ మరీ నొక్కి రాస్తే గాడి ముందువైపు కనిపిస్తుంది.

కమ్మనహళ్లి
ఆయన చేత రాయించే ముందు ఫోటో సరిగ్గా ఉందో లేదో చూడండి, లేకపోతే పెద్దాయన్ని మళ్లీ కదిలించాలి. స్టూడియోలో ‘పాస్‌పోర్ట్ ఫోటో’ అంటే ఇండియన్ పాస్‌పోర్ట్‌కిచ్చే తెల్ల బ్యాక్‌గ్రౌండ్ వేసేస్తారు. మీరు 35×45 మిల్లీమీటర్లు, లేత బూడిద లేదా క్రీమ్ బ్యాక్‌గ్రౌండ్ అని చెప్పండి. గడ్డం నుంచి నడినెత్తి దాకా 29 నుంచి 34 మిల్లీమీటర్ల లోపు రావాలి, స్కేలుతో కొలవండి. మొహం తెల్లగా చేయడం, మచ్చలు తుడవడం అస్సలు వద్దని ముందే అనండి, వద్దన్నా చేస్తారు. ఫోటో నెలలోపు తీసినదై ఉండాలి. కాబట్టి పెద్దాయన ఊళ్లో ఉంటారని తెలిశాకే స్టూడియోకి వెళ్లండి.

సర్జాపుర రోడ్డు
పాస్‌పోర్ట్ ఆఫీసు వాళ్లు ఆయనను సంప్రదించి అడిగే అవకాశం ఉంది. +44 (యూకే కోడ్) తో మొదలయ్యే కాల్ వస్తే స్పామ్ అని కట్ చేయవద్దని చెప్పి ఉంచండి. ఫారంలో రాసే ఫోన్ నంబరూ ఈమెయిలూ ఆయన రోజూ చూసుకునేవే అవ్వాలి. ఈమెయిల్ కొడుకు చూసుకుంటాడు అనే పెద్దవాళ్లు చాలామందే ఉంటారు కదా.

వైట్‌ఫీల్డ్ నాన్న
ధన్యవాదాలు. వాడి అక్కకి వచ్చే నెల పన్నెండు నిండుతాయి, దానిదీ రెన్యువలే. అదే ఆయన చేత పెట్టించొచ్చా?

ఫారాల పిచ్చి
పెట్టించొచ్చు, ఫారం, ఫోటో వేరేవేరుగా. అయితే ప్రయాణం తొందర లేకపోతే పుట్టినరోజు దాటనివ్వండి. రెన్యువల్‌కి కౌంటర్‌సిగ్నేచర్ అడిగేది పదకొండేళ్లు, అంతకంటే తక్కువ ఉన్న పిల్లలకే. పన్నెండు దాటాక, పాత పాస్‌పోర్ట్ ఫోటోలో గుర్తుపట్టగలిగితే అక్కర్లేదు. మీ పాపది చిన్నప్పటి ఫోటో కాబట్టి పోలిక ఎంత మిగిలిందో చూసుకోండి. పన్నెండు నుంచి పాప కూడా ఫారం మీద తన సంతకం చేయాలి.

ఇద్దరికీ ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డులుంటే, కొత్త పాస్‌పోర్ట్ వచ్చిన మూడు నెలల్లోగా దాని కాపీ, కొత్త ఫోటో ఓసీఐ సైట్‌లో అప్‌లోడ్ చేయండి. దానికి ఫీజు లేదు.