రామోన్స్ ‘ఇట్స్ అలైవ్’: స్టూడియో ఆల్బమ్‌లు ఉండగా ఈ లైవ్ ఆల్బమ్ ఎందుకు?

పాతక్యాసెట్:
ఈ నెలంతా అమెరికన్ పంక్ రాక్ బ్యాండ్ రామోన్స్ మొదటి మూడు స్టూడియో ఆల్బమ్‌లు విన్నాను. నిన్న ‘ఇట్స్ అలైవ్’ మొదలుపెట్టాను. 1977 డిసెంబర్ 31 రాత్రి లండన్ రెయిన్‌బో థియేటర్‌లో రికార్డ్ చేసి 1979లో రెండు ఎల్పీ రికార్డులుగా తెచ్చిన కచేరీ ఇది. 28 పాటలు, సుమారు 54 నిమిషాలు. పంక్‌లో ఇంతకు మించిన లైవ్ ఆల్బమ్ లేదని చాలామంది అంటారు. నాకూ నచ్చింది, కానీ ఎందుకు నచ్చిందంటే చెప్పలేకపోతున్నాను. పాటలు అవే, కాస్త వేగం పెరిగింది. నిజంగానే ఇది స్టూడియో రికార్డుల కన్నా మెరుగా, లేక జనం కేకలు వినబడేసరికి మనకలా అనిపిస్తోందా?

మధ్యరాత్రి:
పాట జరుగుతున్నప్పుడు కాదండీ, పాట అయిపోయిన చోట వినండి. చివరి గిటార్ కార్డ్ ఇంకా మోగుతూనే ఉంటుంది, జనం అప్పుడే చప్పట్లు అందుకుంటారు, ఆ చప్పట్ల మీదే బేస్ గిటార్ వాయించే డీడీ ‘వన్ టూ త్రీ ఫోర్’ అని అరుస్తాడు. జనం నోరు మూసేలోపే తర్వాతి పాట వచ్చి మీద పడుతుంది. 54 నిమిషాల్లో 28 పాటలంటే మాటలూ చప్పట్లూ కలుపుకున్నా ఒక్కోదానికి రెండు నిమిషాలు కూడా రావు. స్టూడియో ఆల్బమ్‌లో పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దం ఉంటుంది, అక్కడ మనం లేచి వెళ్ళిపోవచ్చు. ఇక్కడ లేవనివ్వరు.

ఇంకోటి, ఇది ఒక్క రాత్రిది. ఆ టూర్‌లో నాలుగు కచేరీలు రికార్డ్ చేసి ఇదే ఎంచుకున్నారు. కచేరీ అయ్యాక జనం ముందు పది వరసల కుర్చీలు పీకి స్టేజ్ మీదికి విసిరారట, అందుకే ఈ రాత్రిని తీసుకున్నారని చెబుతారు. ఆ కుర్చీల చప్పుడు రికార్డులో లేదు. కానీ పోనుపోను హాల్లో వేడి ఎలా ఎక్కుతోందో చెవికి తెలుస్తుంది.

దరువు:
ఆ ‘వన్ టూ త్రీ ఫోర్’ దగ్గరే నా అభ్యంతరం. కౌంట్ ఇచ్చేది ఎందుకు? పాట ఏ వేగంలో ఉండాలో నలుగురికీ చెప్పడానికి. డీడీ కౌంట్ ఒక వేగం, వెనకాల వచ్చే పాట ఇంకో వేగం. చాలా పాటల్లో ఇదే వరస. నేను పన్నెండేళ్ళు డ్రమ్స్ వాయించినవాణ్ణి. కౌంట్‌కీ పాటకీ పొత్తు కుదరకపోతే దాన్ని తప్పు అంటారు. గొప్పతనం అనరు.

రెండునిమిషాలు:
తాళం లెక్కలు పక్కన పెట్టండన్నా. గుండె కొట్టుకుందా లేదా అదీ ముఖ్యం.

మధ్యరాత్రి:
దరువు గారూ, అది కౌంట్ కాదు, పిలుపు. బరువు ఎత్తేముందు అందరూ కలిసి ఒక్క కేక వేస్తారు చూడండి, అలాంటిది. ఎంత వేగంగా వాయించాలో చెప్పడానికి కాదు, ఇప్పుడు మొదలవుతోంది అని చెప్పడానికి.

దరువు:
పిలుపైతే ‘వన్ టూ త్రీ ఫోర్’ అనే ఎందుకు? ‘హే’ అన్నా సరిపోతుంది. అంకెలు వాడితే ఆ అంకెలకి అర్థం ఉండాలి. నిన్న రాత్రి మళ్ళీ కూర్చుని మొదటి ఎల్పీ అంతా పెన్నూ కాగితం పెట్టుకుని విన్నాను. కౌంట్ చప్పట్లతో కొట్టి, అదే వేగంలో కొడుతూ పాటలోకి వెళ్ళి చూశాను. నాలుగో బార్ (తాళం ఆవర్తం) దాకా కూడా పాటతో నిలబడలేదు. మీరూ ప్రయత్నించండి, తెలుస్తుంది.

శ్రుతిబాక్స్:
అసలు లైవ్ ఆల్బమ్ అన్న మాటే నేను నమ్మను. 1975లో వచ్చిన కిస్ బ్యాండ్ వాళ్ళ ‘అలైవ్!’లో తర్వాత స్టూడియోలో సరిచేసిన భాగాలున్నాయని నిర్మాతే ఒప్పుకున్నారు. థిన్ లిజీ లైవ్ రికార్డు ముప్పాతిక భాగం స్టూడియోలో చేసిందేనని నిర్మాత టోనీ విస్కాంటీ అంటే, బ్యాండ్ వాళ్ళు కాదన్నారు. నిజం ఎవరిదో మనకేం తెలుస్తుంది? స్టూడియో ఆల్బమ్ కనీసం నేను స్టూడియోలో పుట్టాను అని చెప్పుకుంటుంది.

పాతక్యాసెట్:
శ్రుతిబాక్స్ గారూ, సరిచేసిన సంగతి తెలియకముందు విన్నప్పుడు మీకు నచ్చిందా లేదా? అదే నా ప్రశ్న.

శ్రుతిబాక్స్:
నచ్చింది. అందుకే కోపం.

వెన్నెల_కె:
ది క్లాష్ వాళ్ళ లైవ్ ఆల్బమ్ 1999లో వచ్చింది, అందులో పాటలు వేర్వేరు ఏళ్ళ కచేరీల నుంచి ఏరినవి. పాటలు బాగుంటాయి, కానీ పాట మారినప్పుడల్లా హాలు మారిపోయినట్టుంటుంది. ‘ఇట్స్ అలైవ్’లో మొదటి పాట దగ్గర ఏ హాల్లో ఉన్నానో చివరి పాట దగ్గరా అక్కడే ఉంటాను. నాకు ఆ తేడా చాలు.

దరువు:
అందరూ ఒక రాత్రి, ఒక హాలు అంటున్నారు. నేను వాయింపు గురించి మాట్లాడుతున్నాను. వాళ్ళ మొదటి ఆల్బమ్ 1976లో వచ్చింది, 14 పాటలు, 29 నిమిషాలు. అందులో ప్రతి పాటా నిలకడగా ఉంటుంది. గిటార్ వాయించే జానీ కుడి చెయ్యి పైనుంచి కిందికే కొడుతుంది, అన్నీ డౌన్‌స్ట్రోకులే, ఆ గీత ఎక్కడా వంకర పోదు. డ్రమ్స్ ఆ గీత మీదే నడుస్తాయి. రెయిన్‌బోలో అవే పాటలు పరుగెత్తుతున్నాయి. పాడే జోయి ఒక మాట పూర్తి చేసేలోపే రెండో మాట నెత్తిమీదికి వస్తోంది. స్టేజ్ ఎక్కితే రక్తం ఉరకలేస్తుంది, చేతులు మన మాట వినవు, వేగం దానంతటదే పెరుగుతుంది. డ్రమ్స్ వాయించేవాడు చెయ్యాల్సిన మొదటి పని దాన్ని ఆపడం. ఆపలేకపోయినదాన్ని మనం శక్తి అని పిలుచుకుంటున్నాం.

మధ్యరాత్రి:
పరుగెత్తడం వేరు, జారిపోవడం వేరు. మీరు వర్ణించింది జారిపోవడం. ఈ రికార్డులో ఎవరూ జారలేదు. సగం దాకా వచ్చాక ‘హియర్ టుడే, గాన్ టుమారో’ వస్తుంది కదా, ఆ కచేరీలో నెమ్మదిగా సాగేది అదే. చేతులు మాట విననివాళ్ళయితే అక్కడ అంత నిమ్మళంగా ఎలా వాయిస్తారు? వేగం వాళ్ళ చేతిలోనే ఉంది, కావాలనే పెంచారు. ‘ఐ వానా బీ వెల్’ ముందు జోయి తను తిన్న చికెన్ విందాలూ గురించి చెబుతాడు చూడండి, ఎంత స్థిమితంగా ఉంటుంది ఆ గొంతు. టెన్షన్‌లో ఉన్న మనిషి అలా మాట్లాడడు.

దరువు గారూ, ఏమీ అనుకోకండి. మీరు పాట వినడం లేదు, తప్పులు ఏరుతున్నారు. పెన్నూ కాగితం పట్టుకుని కూర్చున్నవాళ్ళకి ఏ కచేరీ అయినా జవాబు పత్రంలాగే కనబడుతుంది.

దరువు:
నువ్వు ఎప్పుడైనా స్టేజ్ ఎక్కావా? ఒక్కసారైనా? ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘వేడి ఎక్కింది, ఊపు వచ్చింది’ అనడం ఎవరికైనా సులువే. ఆ వేడిలో వెనకాల కూర్చుని వాయించేవాడి ముంజేతులు ఎలా మండుతాయో నీకు తెలుసా? ఎనిమిదో పాటకి కర్ర వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియదు.

చెబుతాను, వినండి అందరూ. మా బ్యాండ్ కచేరీ ఒకటి రికార్డ్ చేయించారు. జనం కుర్చీల్లోంచి లేచారు ఆ రోజు, నేను చూశాను. వారం తర్వాత అందరూ కూర్చున్నప్పుడు ఆ రికార్డింగ్ మీద తాళం వేగం కొలిచే మెట్రనోమ్ పెట్టి వినిపించారు. టిక్కు టిక్కుమంటుంటే నేను ప్రతి పాటలో ఎక్కడ ముందుకెళ్ళానో వేలు పెట్టి చూపించారు. గిటార్ వాయించే అతను, నా చిన్నప్పటి స్నేహితుడు, ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటి నెలకి నా చోట్లో ఇంకొకరు. అదే రికార్డింగ్‌లో జనం కేకలు మాత్రం ఉంచుకుని, డ్రమ్స్ అతనితో మళ్ళీ వాయించి పెట్టారు. ఆ కేకలు నా డ్రమ్స్‌కి వేసినవి.

ఇక్కడేమో అదే పని ఇంకొకరు చేస్తే చరిత్ర అంటున్నారు.

నిర్వాహకులు:
ఏకవచనం వద్దు. ఎంత కోపం వచ్చినా ‘మీరు’ అనే మాట్లాడుకోండి.

రెండునిమిషాలు:
దరువు అన్నా, నేను పైన తేలిగ్గా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మధ్యరాత్రి:
లేదు, నేను స్టేజ్ ఎక్కలేదు. ఏ కచేరీకీ వెళ్ళలేదు కూడా. మా నాన్నగారు మంచం పట్టి తొమ్మిదేళ్ళు. రాత్రి మందులు వేశాక నాకు దొరికేది గంట. తలుపు కొంచెం తెరిచి, ఒక చెవికి మాత్రమే హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటాను, రెండో చెవి ఆయన కోసం. 54 నిమిషాల రికార్డు ఆ గంటలో సరిగ్గా పడుతుంది. అందుకే నా పేరు మధ్యరాత్రి.

నాకు వెళ్ళే వీలున్నా ఇప్పుడు వెళ్ళడానికి ఆ బ్యాండ్ లేదు. జోయి 2001లో, డీడీ 2002లో, జానీ 2004లో, డ్రమ్స్ వాయించిన టామీ 2014లో పోయారు. ఆ స్టేజ్ మీదున్న నలుగురిలో ఒక్కరూ మిగల్లేదు. స్టూడియో రికార్డు వింటే నలుగురు పాటలు చేసి వెళ్ళారని తెలుస్తుంది. ఇది వింటే వాళ్ళు ఒక గదిలో ఉన్నారు, ఎదురుగా మనుషులున్నారు, నేనూ వెనక వరసలో ఎక్కడో ఉన్నాను. మీరు వేగం తప్పు అన్న ప్రతిసారీ, ఆ గదిలో నాకు చోటు లేదన్నట్టు వినబడింది. అందుకే పెన్ను మాట అన్నాను. అది అనకూడని మాట, క్షమించండి.

కానీ వేగం విషయంలో నా అభిప్రాయం మారలేదు.

దరువు:
నేనూ ఏకవచనం వాడాను, తప్పే. నాన్నగారి విషయం తెలియదు.

పాతక్యాసెట్:
మీ ఇద్దరి మాటలూ చదివాక ఒకటి చెప్పాలనిపించింది. టామీ అసలు డ్రమ్స్ వాయించడానికి చేరలేదు. బ్యాండ్ వ్యవహారాలు చూసుకోవడానికి చేరాడు. డ్రమ్స్ కోసం వచ్చినవాళ్ళెవరికీ వాళ్ళకు కావాల్సిన వాయింపు పట్టుబడకపోతే, ఇలా వాయించాలి అని చూపిస్తూ తనే కూర్చుండిపోయాడు. 1978లో టూర్ల ఒత్తిడి భరించలేక డ్రమ్స్ వదిలేశాడు. ఈ లైవ్ ఆల్బమ్‌కి ఎడ్ స్టేసియమ్‌తో కలిసి నిర్మాత కూడా ఆయనే. అంటే దరువు గారూ, రెయిన్‌బోలో వాయించిన మనిషే ఆ టేపుల ముందు కూర్చుని, తన చేతులు ఎంత వేగంగా పోయాయో విని, ఇది బయటికి వెళ్ళాలి అనుకున్నాడు.

శ్రుతిబాక్స్:
ఇది నేను ఆలోచించలేదు.

మధ్యరాత్రి:
దరువు గారూ, ఉన్నారా?

దరువు:
ఉన్నాను. రెండు రోజులు ఇటు రాలేదు. మళ్ళీ విన్నాను, ఈసారి కాగితం లేకుండా.

కౌంట్ మాత్రం తప్పే, అందులో నేను తగ్గను. వేగం గురించి చెబుతాను. ఇన్నాళ్ళూ డ్రమ్స్ ఒక్కటే విన్నాను, అలవాటు అది. ఈసారి బేస్ వెంట వెళ్ళాను. టామీ ముందుకు దూకిన ప్రతి చోటా డీడీ అక్కడే ఉన్నాడు. జానీ చెయ్యి అక్కడే ఉంది. ఒక్కడు పరుగెత్తితే తప్పు, నలుగురూ కలిసి పరుగెత్తితే దానికి వేరే పేరు ఉండాలి. ఆ రోజు నేను ముందుకెళ్ళినప్పుడు మావాళ్ళు నాతో రాలేదు. వెనకాలే ఉండిపోయి, తర్వాత కొలిచి చూపించారు. ఇన్నేళ్ళూ నాకు కోపం మెట్రనోమ్ మీద అనుకున్నాను.

రెండునిమిషాలు:
అన్నా...

వెన్నెల_కె:
ఏ పాట దగ్గర అలా అనిపించింది, దరువు గారూ?

దరువు:
‘సర్ఫిన్ బర్డ్’. మధ్యలో వాయిద్యాలన్నీ ఆగిపోయి జోయి గొంతు ఒక్కటే మిగులుతుంది కదా, ఏవో శబ్దాలు చేస్తూ. తర్వాత అందరూ ఒక్కసారిగా మళ్ళీ అందుకుంటారు. అక్కడ కౌంట్ ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

మధ్యరాత్రి:
ఈ రాత్రి అక్కడ రెండు చెవులతో వింటాను. ఒక్క నిమిషమే కదా.