షికాగోలో పాత ఇల్లు, ఐదు నెలల పాప, కుళాయి నీళ్లు

ప్రశ్న: అందరికీ నమస్కారం. విజయవాడ నుంచి షికాగోకి కొత్తగా వచ్చాం. అద్దెకు దిగింది 1920ల నాటి టూ-ఫ్లాట్‌లో (అంతస్తుకో వాటా ఉండే రెండంతస్తుల ఇల్లు). ఇలాంటి ఇళ్లకు సీసం గొట్టాలు ఉంటాయని పక్కింటావిడ అన్నారు. పాప డబ్బా పాల మీదే ఉంది. నీళ్లు బాగా మరగకాచి, చల్లార్చి పాలు కలుపుతున్నాను. సరిపోతుందా అండీ?

జవాబు: సరిపోదమ్మా. కాస్తే క్రిములు చస్తాయి, సీసం మాత్రం పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినవాటిలో దాని మోతాదు పెరుగుతుంది కూడా. గొట్టం సంగతి తేలేదాకా పాపకి బాటిల్ నీళ్లే వాడండి. పసిపిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది, ఇంతవరకు పరవాలేదు అనే మోతాదే లేదు.

మన దగ్గర నీళ్లంటే క్రిముల భయం, అందుకే కాచి తాగుతాం. ఇక్కడ ప్లాంటు నుంచి నీళ్లు శుభ్రంగానే బయల్దేరతాయి. చిక్కంతా వీధిలోని పెద్ద గొట్టం నుంచి ఇంట్లోకి వచ్చే గొట్టంతోనే, దాన్నే సర్వీస్ లైన్ అంటారు. 1986లో కేంద్ర చట్టం నిషేధించేదాకా చిన్న ఇళ్లకు సీసం గొట్టమే వెయ్యాలని షికాగో నగర నిబంధన ఉండేది. ఇప్పటికీ దాదాపు 4 లక్షల లైన్లు అవే. అమెరికాలో మరే నగరంలోనూ ఇన్ని లేవు. పదేళ్లలో మార్చెయ్యాలని 2024లో ఈపీఏ (కేంద్ర పర్యావరణ సంస్థ) రూలు తెచ్చింది గానీ, ఇన్ని ఉన్నందుకు షికాగోకి అంతకంటే ఎక్కువ గడువే దొరికింది. అప్పటికి మీ పాప పెద్దదైపోతుంది. అందుకే మన జాగ్రత్త మనమే పడాలి.

బేస్‌మెంట్‌లో గోడలోంచి గొట్టం లోపలికి వచ్చేచోట నాణెంతో గీకి చూడండి. మాసిన బూడిద రంగు కింద వెండిలా మెరిసి, అయస్కాంతం అతుక్కోకపోతే సీసమే. నగర హెల్ప్‌లైన్ 311కి ఫోన్ చేస్తే నగరం వాళ్లు టెస్ట్ కిట్ ఉచితంగా ఇస్తారు. ఒక్కసారి తక్కువ వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు, వీధి తవ్వినా గొట్టం కదిలినా లోపలి పూత రాలి అంకె మారిపోతుంది.

ఫిల్టర్ కొనేటప్పుడు డబ్బా మీద ఎన్‌ఎస్‌ఎఫ్ 53 (ఫిల్టర్ల ప్రమాణం నంబరు) అనీ, సీసం తగ్గిస్తుందనీ రెండూ రాసుండాలి. 42 ఒక్కటే ఉంటే అది రుచికీ క్లోరిన్‌కీ మాత్రమే. తాగడానికే కాదు, అన్నానికీ పప్పుకీ కూడా ఆ నీళ్లే పొయ్యండి. త్వరగా ఉడుకుతుందని వేడి కుళాయి నీళ్లు పట్టకండి, వేడికి సీసం ఇంకా ఎక్కువ కరుగుతుంది.

మరో జవాబు: అక్క చెప్పింది అక్షరాలా నిజం. పాప రక్తంలో సీసం పరీక్ష చెయ్యమని పిల్లల డాక్టరుని ఇప్పుడే అడగండి, ఏడాది నిండేదాకా ఆగొద్దు. స్నానానికి కుళాయి నీళ్లు పరవాలేదు, చర్మం గుండా సీసం ఎక్కదు. నోట్లోకి పోకుండా చూసుకుంటే చాలు.