రంగుల గవర్నర్ కికర్ట్: తలనొప్పా, పెయింట్ కొట్టులో వాటానా?

గాలివాటం: 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కి కరీబియన్ సముద్రంలోని కురసావ్ అర్హత సాధించినప్పటి నుంచి ఆ దీవి ఫోటోలు తెగ తిరుగుతున్నాయి కదా, దాని రాజధాని విలెమ్‌స్టాడ్ రేవు పక్కన పసుపు, నీలం, గులాబి ఇళ్లు వరసగా. అక్కడ గైడ్లు చెప్పే కథ ఏంటంటే, డచ్ నావికాదళం నుంచి గవర్నర్‌గా వచ్చిన ఆల్బర్ట్ కికర్ట్‌కి తెల్ల సున్నం గోడల మీద ఎండ పడితే తలనొప్పి వచ్చేదట, అందుకని 1817లో తెలుపు తప్ప ఏ రంగైనా వేసుకోమని హుకుం జారీ చేశాడట. పోయాక చూస్తే పెయింట్ కొట్టులో ఆయనకే వాటా ఉందట! జీవితమంతా ఓడల మీద గడిపిన మనిషి చివరికి రంగు డబ్బాతో గుర్తుండిపోవడం అన్యాయం కాదంటారా?

బందరు లడ్డు: అన్యాయం ఏముంది బాస్. రూలు పెట్టిందీ ఆయనే, రూలు వల్ల గల్లాపెట్టె నిండిందీ ఆయనదే. ముందు భూములు కొనుక్కుని తర్వాత అక్కడికే రోడ్డు వేయించుకునే నాయకుల్ని చూసిన మనకి ఇది కొత్తా?

కోటగుమ్మం: లడ్డు గారూ, ఉత్తర్వు వేరు, వాటా కథ వేరు. రెండూ కలిపి చెబుతారు గానీ ఏ కొట్టు, ఎంత వాటా అని చెప్పినవాళ్లని నేనైతే చూడలేదు. పైగా ఆ రోజుల్లో గోడకి రంగు వేయడానికి డబ్బాలు కొనక్కర్లేదు, సున్నంలో ఇంత రంగు మట్టి కలిపితే సరిపోతుంది, దానిమీద ఏ గవర్నరైనా ఎంత సంపాదిస్తాడు? వానలు తక్కువ, ఏడాది పొడుగునా ఎండ, ఊరంతా తెల్లటి గోడలు. కళ్లు చెదరడం అబద్ధం కాదు. దాన్ని అందరికీ చట్టం చేయడం మాత్రం ఓడలో కెప్టెన్ అలవాటే అనిపిస్తుంది, డెక్ మీద ఆర్డర్ వేసినట్టు ఊరి మీద వేశాడు.

గాలివాటం: అసలు నేవీ వాళ్లనే ఎందుకు పంపారు?

కోటగుమ్మం: దీవి విలువంతా రేవులోనే కదా. 1807లో బ్రిటిష్ వాళ్లు పట్టుకున్నారు, 1814 లండన్ ఒప్పందం ప్రకారం తిరిగిచ్చారు, 1816లో కికర్ట్ వచ్చి పగ్గాలు తీసుకున్నాడు. (మన భీమిలి డచ్చి వాళ్లకి తిరిగి దక్కింది కూడా ఆ ఒప్పందంతోనే, కాకపోతే 1824 ఒప్పందంతో మళ్లీ ఇంగ్లిషు వాళ్లకి పోయింది.) కికర్ట్ తర్వాత 1820లో వచ్చిన కాంట్స్‌లార్ కూడా నేవీ మనిషే.

ఉప్పుగాలి: ఇంతసేపూ రంగు గురించే కొట్టుకుంటున్నారు, నాకు అదే చిరాకు. 1795 ఆగస్టు 17న అదే దీవిలో తూలా అనే బానిస నాయకత్వంలో తిరుగుబాటు లేచింది, అక్టోబర్ 3న అతన్ని చంపేశారు, చాలా దారుణంగా. అది జరిగి పాతికేళ్లు కూడా నిండకముందే కికర్ట్ గవర్నర్. బానిసల వ్యాపారాన్ని డచ్ రాజ్యం 1814లోనే ఆపింది గానీ మనుషుల్ని ఆస్తిగా ఉంచుకోవడం 1863 జూలై 1 దాకా నడిచింది. అంటే ఆయన పాలించింది బానిసల దీవిని. ఆ గోడలకి నిచ్చెనెక్కి రంగు వేసింది ఎవరో ఏ గైడైనా చెబుతాడా? తలనొప్పి కథ ఆయన్ని ముద్దొచ్చే తాతయ్యని చేసేసింది. కొట్టులో వాటా నిజమే అయినా నా లెక్కలో అది చిల్లర తప్పు.

బందరు లడ్డు: ఆ లెక్కన ఆ కాలం గవర్నర్లలో ఒక్కడూ మిగలడు అక్కా. ఆయన ఉన్నది మూడేళ్లు, 1819లో పదవిలోనే పోయాడు. రాజు చట్టం మార్చకుండా ఈయన ఒక్కడూ ఏం చేసేవాడు?

ఉప్పుగాలి: మిగలకపోతే మిగలనీ. గోడ రంగు మార్చడానికి రాజు అనుమతి కోసం ఆగలేదు కదా. తూలా పేరుని డచ్ ప్రభుత్వం అధికారికంగా నిలబెట్టింది 2023లో. అంతదాకా ఆ రికార్డుల్లో అతను నేరస్థుడు, కికర్ట్ గౌరవనీయుడు. ముందు దాని గురించి మాట్లాడండి, పెయింట్ కొట్టు సంగతి తర్వాత చూద్దాం.