సీసీఎన్‌ఏకి పాత స్విచ్ కొనాలా, ప్యాకెట్ ట్రేసర్ సరిపోతుందా?

తెనాలి కుర్రోడు:
అందరికీ నమస్కారం. డిప్లొమా ఈసీఈ చేసి విజయవాడలో ఒక సబ్ కాంట్రాక్టర్ దగ్గర ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేస్తున్నా. జీతం 14 వేలు. బ్యాంకు బ్రాంచీలకి వెళ్లి పాడైన రౌటరో స్విచ్చో మార్చి రావడం నా పని. సర్టిఫికేట్ ఉంటేనే పర్మనెంట్ చేస్తామన్నారు. సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్‌ఏ మూడు నెలల్లో రాద్దామని ఉంది. ఇక్కడ ఒకాయన పాత సిస్కో 1841 రౌటర్ ఒకటి, 2960 స్విచ్‌లు రెండు కలిపి 11 వేలకి ఇస్తానంటున్నాడు. కొననా? కంప్యూటర్లోనే నెట్‌వర్క్ ల్యాబ్ చేసుకునే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్‌తో లాగించేయొచ్చా? పరీక్ష ఫీజే 300 డాలర్లు, జీఎస్టీతో 30 వేల దాకా తేలుతోంది. అంటే రెండు నెలల జీతం.

పాత కేటలిస్ట్:
కొను తమ్ముడూ, ఆలోచించకు. ప్యాకెట్ ట్రేసర్‌లో బొమ్మ నుంచి బొమ్మకి గీత గీస్తే లింకు పచ్చగా వెలుగుతుంది. బయట క్లిప్పు విరిగిన కేబుల్ ఉంటుంది, దుమ్ము పట్టిన ర్యాక్ ఉంటుంది. 2960 పాస్‌వర్డ్ బ్రాంచిలో ఎవరికీ తెలీదనుకో. కరెంటు తీగ పీకి, ముందు వైపున్న మోడ్ బటన్ నొక్కిపట్టి మళ్లీ తీగ పెట్టాలి. సిస్టమ్ లైటు కాషాయంగా ఒకసారి మెరిసి పచ్చగా నిలబడ్డాకే వేలు తియ్యాలి. తర్వాత ఫ్లాష్ ఇనిట్ కమాండ్ కొట్టి, సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు పేరు మార్చి బూట్ చెయ్యాలి. పేరు మార్చాలి, చెరపకూడదు. నా కింద పనిచేసిన ఒక కుర్రాడు చెరిపేసి చక్కా వచ్చాడు. మధ్యాహ్నం దాకా ఆ బ్రాంచిలో పాస్‌బుక్కు కూడా ప్రింటు కాలేదు.

సబ్‌నెట్ మల్లేష్:
అన్నా, పరీక్షల మోడ్ బటన్ గురించి ఎవ్వడు అడగడు. నేను 2022ల పాసైన, ఒక్క డబ్బా గూడ ముట్టుకోలే. పాస్‌వర్డ్ రికవరీ ప్యాకెట్ ట్రేసర్ల గూడ అయితది. బ్రేక్ కొట్టి, బూట్ మోడ్ రామ్‌మాన్‌ల పడి, రిజిస్టర్ 2142 పెట్టి రీసెట్ జేస్తే అయిపాయె. తమ్మీ, 11 వేలు దండగ జేయకు.

పాత కేటలిస్ట్:
2142 రౌటర్‌కి. నేను రాసింది స్విచ్ గురించి. చదివి రాయండి.

సబ్‌నెట్ మల్లేష్:
ఏదైతేంది అన్నా. రికవరీ రికవరీయే.

పాత కేటలిస్ట్:
ఏదైతేంది అనేవాళ్లతోనే వచ్చింది చిక్కంతా. రౌటర్‌లో కాన్ఫిగ్ ఎన్‌వీర్యామ్ అనే మెమరీలో ఉంటుంది. 2142 పెడితే బూట్ అయ్యేటప్పుడు దాని జోలికి వెళ్లదు. లోపలికి పోయాక స్టార్టప్ కాన్ఫిగ్‌ని రన్నింగ్ కాన్ఫిగ్‌లోకి కాపీ చేసి, పాస్‌వర్డ్ మార్చి, ఇంటర్‌ఫేస్‌లన్నీ షట్‌డౌన్‌లో పడుంటాయి కాబట్టి ఒక్కోదానికీ నో షట్ కొట్టి, రిజిస్టర్ మళ్లీ 2102కి తెచ్చి సేవ్ చెయ్యాలి. ఆ 2102 మరిచిపోయారా, కరెంటు పోయొచ్చిన రోజు రౌటర్ ఖాళీగా లేస్తుంది. స్విచ్ కథ వేరు, ఫైలు ఫ్లాష్‌లో ఉంటుంది. ప్యాకెట్ ట్రేసర్ స్విచ్‌లో మోడ్ బటన్ నొక్కి రికవరీ చేసి చూపించండి, మళ్లీ ఇక్కడ కనపడను.

గోదారి గట్టు:
మిరపకాయ బజ్జీలు తెచ్చుకున్నా. కానివ్వండి.

శ్రీలత ఎన్:
మీరిద్దరూ వేరువేరు పరీక్షల గురించి కొట్టుకుంటున్నారు. పాస్‌వర్డ్ రికవరీ, మోడల్ చూసి గుర్తుపట్టడం, కన్సోల్ కేబుల్ ఏదో తెలియడం, పాడైన భాగం మార్చడం, ఐఓఎస్ (డబ్బాలో నడిచే సిస్కో సాఫ్ట్‌వేర్) ఎక్కించడం, ఇవన్నీ సీసీటీ సరుకు, ఫీల్డ్ టెక్నీషియన్ పరీక్ష. సీసీఎన్‌ఏ 200-301 అంటే సబ్‌నెటింగ్, వీలాన్, ఎస్‌టీపీ, ఓఎస్‌పీఎఫ్, ఏసీఎల్, న్యాట్, వైర్‌లెస్, కొంచెం ఆటోమేషన్. తెనాలి గారూ, మీ వాళ్లు అడిగింది ఏది? ముందు అది కనుక్కోండి. సీసీఎన్‌ఏకే అయితే ప్యాకెట్ ట్రేసర్ చాలు. అచ్చమైన ఐఓఎస్ కావాలంటే సిస్కో ల్యాబ్ సాఫ్ట్‌వేర్ సీఎంఎల్ ఉచిత వెర్షన్‌లో ఐదు నోడ్‌లు నడుస్తాయి. పరీక్ష 120 నిమిషాలు, దాటేసిన ప్రశ్నకి వెనక్కి పోలేరు, ల్యాబ్ ప్రశ్నలూ వస్తున్నాయి. చేతివేగం ముఖ్యం.

తెనాలి కుర్రోడు:
మేడమ్, మా సూపర్‌వైజర్ "సిస్కో సర్టిఫికేట్" అన్నాడంతే. రేపు అడుగుతా.

పాత కేటలిస్ట్:
శ్రీలత గారూ, ఏ పరీక్షైనా చేత్తో చేసినవాడికీ చెయ్యనివాడికీ తేడా ఉండాలా వద్దా? మల్లేష్ గారు డబ్బా ముట్టకుండా ఎలా పాసయ్యారో అందరికీ తెలుసు. డంప్స్, అంటే బయటికి లీకైన పరీక్ష ప్రశ్నలు బట్టీ పట్టి.

సబ్‌నెట్ మల్లేష్:
అవ్ అన్నా, డంప్సే. ఏం జేస్తవ్?

పాత కేటలిస్ట్:
నేనేం చేస్తాను. దొరికితే సిస్కో వాళ్లే సర్టిఫికేట్ రద్దు చేస్తారు. మా ఆఫీసులో ఇలాంటివాడే ఒకడున్నాడు. స్లాష్ 27 సబ్‌నెట్‌లో ఎన్ని హోస్టులయ్యా అంటే కాలిక్యులేటర్ తెరిచాడు. 30 అని చెప్పడానికి! ఇవాళ వాడు నాకు టీమ్ లీడ్. రాత్రి రెండింటికి లింకు పడిపోతే మళ్లీ ఫోన్ నాకే.

సబ్‌నెట్ మల్లేష్:
గదీ అసలు మాట. ఇంతసేపు మోడ్ బటన్ మోడ్ బటన్ అన్నవ్, కడుపుల ఉన్నది టీమ్ లీడ్ కుర్చీ. నా కథ గూడ విను. మా నాయిన నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి అమీర్‌పేటల కోచింగ్‌కు పంపిండు. ఎస్సార్ నగర్ హాస్టల్ల ఒక్క రూముల ఆరుగురం. నాలుగు ఇంటర్వ్యూలకు పోయిన, నాలుగుట్ల గూడ రెజ్యూమె చూసి "సీసీఎన్‌ఏ లేదా" అని బయటికి పంపిన్రు. ఓఎస్‌పీఎఫ్ వచ్చా అని ఒక్కడు అడగలే. ఫెయిలైతే మళ్లా ఫీజు కట్టాలె. ఆ పైసలు నువ్విస్తవా? తప్పు జేసిన, కాదంటలే. ఉద్యోగంల చేరినంక ఎనిమిది నెలలు తిట్లు తినుకుంట నేర్చుకున్న. నువ్వు చేరినప్పుడు సర్టిఫికేట్ అడిగిన్రా?

పాత కేటలిస్ట్:
అడగలేదు. 2008లో తీగలు లాగడం వస్తే చాలనేవారు. తర్వాత సొంత డబ్బుతోనే సీసీఎన్‌ఏ రాశాను, నిజాయితీగా. మూడేళ్లకి గడువు తీరింది. రెన్యువల్‌కి కంపెనీ డబ్బులివ్వనంది, పిల్లల ఫీజులుండి నేనూ కట్టలేదు. ఇప్పుడు ప్రమోషన్ లిస్టులో నా పేరు పక్కన "సర్టిఫికేషన్ లేదు" అని ఉంటుంది. పదిహేడేళ్లు ర్యాక్‌ల వెనక పాకినవాడికి.

గోదారి గట్టు:
బజ్జీలు చల్లారిపోయాయి సార్.

సబ్‌నెట్ మల్లేష్:
అయితే కోపం నా మీద కాదుగదా అన్నా, మీ కంపెనీ మీద.

పాత కేటలిస్ట్:
మీ మీద కూడా. డంప్స్‌తో వచ్చినవాళ్లు ఎక్కువయ్యేకొద్దీ ఆ కాగితానికి విలువ పోతుంది, తెనాలి అబ్బాయి 30 వేలు పెట్టి కొనేది ఆ విలువనే. ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

శ్రీలత ఎన్:
ఇంటర్వ్యూలో పావుగంట ల్యాబ్ ఇచ్చి కూర్చోబెడితే ఇద్దరి గొడవా తీరేది. మా దగ్గర అదే చేస్తాం. వీలాన్ తప్పు పెట్టిన ట్రంక్ (రెండు స్విచ్‌ల మధ్య లింకు) ఒకటి ఇచ్చి, పింగ్ ఎందుకు పోవట్లేదో కనుక్కోమంటాం. సగం మంది షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్ దాకా కూడా రారు. అందులో సీసీఎన్‌ఏ ఉన్నవాళ్లూ ఉంటారు.

తెనాలి కుర్రోడు:
సూపర్‌వైజర్‌ని అడిగా. సీసీటీ చాలట, సీసీఎన్‌ఏ అయితే జీతం పెంచడం "చూస్తాం" అన్నాడు. 11 వేల సెట్టు వదిలేసి ఒక్క 2960 మాత్రం 2,500కి తెచ్చుకున్నా. అంత చవగ్గా ఎందుకిచ్చాడో ఇంటికొచ్చాక తెలిసింది. పాస్‌వర్డ్ ఆయనకే గుర్తులేదట. మోడ్ బటన్ నొక్కి చూశా. స్క్రీన్ మీద అక్షరాలు కాకుండా పిచ్చి గీతలు వస్తున్నాయి.

సబ్‌నెట్ మల్లేష్:
😂 అన్నా, నీ కేసు వచ్చింది.

పాత కేటలిస్ట్:
పిచ్చి గీతలంటే బాడ్ రేటు, అంటే కన్సోల్ లైను వేగం, తేడా. 9600 పెట్టావా? కన్సోల్ చూపించే పుట్టీ విండో, కేబుల్ రెండూ ఫోటో తీసి పెట్టు. మల్లేష్ గారూ, మీరూ ఉండండి, చూద్దురుగాని.