మందారం ఆకుల మీద మసి, కుండీలో తెల్ల బూజు: ఏ మందు కొట్టాలి?

అందరికీ నమస్తే. ఈ చలి దేశానికి కొత్తగా వచ్చాం. ఇంట్లో మందారం, మనీప్లాంట్, ఒక అరేకా పామ్ పెట్టుకున్నాం. హీటర్ వేయడం మొదలుపెట్టాక మందారం ఆకుల మీద నల్లటి మసి, మనీప్లాంట్ మట్టి మీద తెల్లటి బూజు కనిపిస్తున్నాయి. పామ్ ఆకులు పాలిపోతున్నాయి. టెన్షన్‌గా ఉంది. ఏదైనా ఫంగస్ మందు కొడితే మూడూ పోతాయా?

జవాబు:
ఇప్పుడే మందు కొట్టకండి. ఇవి మూడూ వేర్వేరు సమస్యలు, ఫంగస్ మందు ఒక్కదానికీ అక్కర్లేదు.

ముందు మందారం సంగతి. తడి గుడ్డతో తుడిస్తే మసి వచ్చేసి కింద ఆకు పచ్చగా కనిపిస్తుందా? ఆకు చేతికి జిగురుగా తగులుతోందా? అయితే అది మసి తెగులు. ఆ ఫంగస్ ఆకులోకి దిగదు. రసం పీల్చే పురుగులు వదిలిన తియ్యటి జిగురు మీద పెరుగుతుంది. కాబట్టి వెతకాల్సింది పురుగు కోసం. మసి పట్టిన ఆకు పైన ఏ కొమ్మ ఉందో అక్కడ చూడండి, జిగురు పైనుంచే రాలుతుంది. ఆకు కాడ కొమ్మను కలిసే చోట దూదిలా తెల్లగా ఉంటే పిండినల్లి. కాండం మీద గోధుమ రంగు బుడిపెలుండి, గోటితో గీరితే ఊడి వస్తే పొలుసు పురుగు.

పామ్ ఆకు కింద తెల్ల కాగితం పెట్టి తట్టండి. రాలిన చుక్కలు నడిస్తే ఎర్రనల్లి. హీటర్ గాలి పొడిగా, వెచ్చగా ఉంటుంది కదా, అది వాటికి బాగా నచ్చుతుంది. ఇవి కీటకాలు కావు, సాలీడు జాతివి. అందుకే కీటకాలకు కొట్టే చాలా మందులు వీటి మీద పనిచేయవు. మొక్కను షవర్ కింద పెట్టి ఆకుల అడుగు భాగం బాగా కడగడమే మొదటి మందు. ఆకుల మీద రోజూ నీళ్ళు చిలకరించమని చాలామంది చెబుతారు, నేను మాత్రం చెప్పను. ఆ తేమ కాసేపట్లోనే ఆరిపోతుంది.

మట్టి మీది బూజు మొక్కను తినదు, కుళ్ళే ఆకూ పీచూ తింటుంది. చలికాలంలో వెలుతురు తగ్గి మొక్క తక్కువ నీళ్ళు తాగుతుంది, మనమేమో ఎండాకాలంలో లాగే పోస్తాం. పై పొర గీరి పారేసి, రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకు ఆరాకే నీళ్ళు పోయండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే గీరే పని వాళ్ళకివ్వకండి.

ప్రశ్న అడిగినవారు:
గోధుమ బుడిపెలే అండీ, గీరితే ఊడాయి! పామ్ కింద కాగితం మీద చుక్కలు కదిలాయి. వేపనూనె ఉంది, కొట్టనా?

జవాబు:
అయితే పొలుసు పురుగు, ఎర్రనల్లి రెండూ ఉన్నాయి. ఆ రెండు మొక్కల్నీ ఇవాళే మనీప్లాంట్‌కు దూరంగా పెట్టండి. బుడిపెలను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటే తుడిచేయండి. విసుగ్గా ఉంటుంది కానీ ఇదే ఖాయమైన పని, ఎందుకంటే ఎదిగిన పురుగు మీద మైనం లాంటి గట్టి పైపొర ఉండి పైన కొట్టింది లోపలికి సరిగా దిగదు.

వేపనూనె చలికి గడ్డకడుతుంది. సీసాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచి కరిగించండి. కొన్ని దేశాల్లో దాన్ని పురుగుమందుగా వాడేందుకు అనుమతి లేదు, అక్కడి నిబంధన చూసుకోండి. అనుమతి లేకపోతే మొక్కల కోసమే అమ్మే పొటాషియం సబ్బు ద్రావణం చాలు. గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు, ఆకు మీది మైనం పొరను పాడుచేస్తుంది. ఏది వాడినా ముందు ఒక్క ఆకు మీద కొట్టి రెండు రోజులు చూడండి. ఎండ తగిలేటప్పుడు కొట్టొద్దు.

సబ్బు తగిలిన పురుగునే చంపుతుంది, గుడ్లు మిగిలిపోతాయి. అందుకే వారానికోసారి, కనీసం మూడు వారాలు కొట్టండి. రెండో వారానికే ఆకులు శుభ్రంగా కనిపిస్తాయి, అయినా మూడోసారి మానకండి.